ఛాంబర్ ఆఫ్ మైన్స్ (దక్షిణాఫ్రికా): విద్యా, సమాజ కార్యక్రమాలు

దక్షిణాఫ్రికా గని యజమానుల ఉమ్మడి సంస్థ ఛాంబర్ ఆఫ్ మైన్స్. 2018 మే నుంచి దాని పేరు మినరల్స్ కౌన్సిల్ సౌత్ ఆఫ్రికా. కూలీల సమీకరణ, వేతనాల కట్టడి, ప్రభుత్వంతో బేరసారాల గురించి వచ్చినంత సాహిత్యం ఈ సంస్థ చేపట్టిన చదువు, ప్రచారం, ఆరోగ్యం పనుల మీద రాలేదు. ఉన్నంతలో ఒక భాగం సంస్థ సొంత ప్రచురణలు. మరో భాగం 1970ల తర్వాత ఆ పనులను అనుమానంతో పరిశీలించిన చరిత్రకారుల రచనలు. రెండింటికీ పొంతన కుదరని చోట్ల ఈ వ్యాసం ఎక్కువగా రెండో పక్షాన్నే అనుసరించింది.

స్థాపన

1886లో విట్వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. మరుసటి ఏడాదే జొహానెస్‌బర్గ్‌లో గనుల ఛాంబర్ ఒకటి వెలిసింది గాని నిలదొక్కుకోలేదు. 1889లో హెర్మన్ ఎక్‌స్టీన్ అధ్యక్షతన దాన్ని కొత్తగా ఏర్పరిచారు. కొన్ని గ్రంథాల్లో 1887 స్థాపన సంవత్సరంగా కనిపించడానికి కారణం ఇదే. సంస్థ తన వయసును 1889 నుంచే లెక్కపెట్టుకుంటుంది. ఇక్కడా అదే తీసుకున్నాం. 1896లో కొన్ని కంపెనీలు వేరు కుంపటి పెట్టుకుని, మరుసటి ఏడాది తిరిగి కలిశాయి. పేరు కూడా పలుసార్లు మారింది. ఛాంబర్ ఆఫ్ మైన్స్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా అన్న రూపం 1968 నుంచి 2018 దాకా వాడుకలో ఉండేది.

భద్రతా బోధన, భాష

గని ప్రమాదాల పరిహారం భారాన్ని పంచుకోవడానికి 1894లో ర్యాండ్ మ్యూచువల్ అష్యూరెన్స్ అనే బీమా సంస్థ ఏర్పడింది. భద్రతా పోస్టర్లు, పదకోశాలు అచ్చు వేయించిన ప్రమాద నివారణ కమిటీ దీని నీడనే పనిచేసింది. ఆ కమిటీ పుట్టుక 1913 అని సాధారణంగా చెబుతారు. కార్మికుడికి పాఠం చెప్పాలన్న ఆలోచన దయతోనో ధర్మచింతనతోనో మొదలైందనడం కంటే, బీమా లెక్కల్లోంచి వచ్చిందనడమే సబబు.

అసలు చిక్కు భాష దగ్గర వచ్చింది. బసూటోలాండ్, మొజాంబిక్, న్యాసాలాండ్, ట్రాన్‌స్కై ప్రాంతాల నుంచి వచ్చిన మనుషులు ఒకే షిఫ్టులో దిగేవారు. వారికీ తెల్ల మేస్త్రీలకీ మధ్య వాడుకైనది ఫనకలో అనే మిశ్రమ భాష. అందులో జులూ మాటలు ఎక్కువ; ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్ మాటలు కొన్ని. కమిటీ వేయించిన మాటల పుస్తకాలు, గనుల్లో కొత్తవారికి పెట్టిన తరగతులు ఈ భాషను గట్టిపరిచాయి. ఆజ్ఞలకు ఇది బాగా పనికొచ్చింది. కార్మిక సంఘాల వాదన వేరు: ఎదురు ప్రశ్న వేయడానికి వీల్లేని భాష ఇది, దీనితో నేర్పిన భద్రత సగం భద్రతే అని. ఈ ఆక్షేపణను తోసిపుచ్చడం కష్టం.

ఫనకలో పుట్టుక తెలుగు పాఠకులకు కాస్త దగ్గరి విషయం. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీలలో తెలుగువారూ ఉన్నారు. ఆ తోటల్లో భారతీయులు, జులూలు, తెల్లవారు మాట కలుపుకోవడంలోంచే ఈ భాష వచ్చిందని చాలాకాలం నమ్మారు. భాషాశాస్త్రవేత్త రాజేంద్ మేస్త్రీ 1989లో ఈ మతాన్ని ఖండించారు. భారతీయులు అడుగుపెట్టక ముందే నాటాల్, తూర్పు కేప్ ప్రాంతాల్లో ఈ తరహా మాటతీరు ఉందని పాత రచనల నుంచి ఉదాహరణలు చూపారు. ఆయన వాదనే నిలిచేదిగా కనిపిస్తుంది.

పోస్టర్ల గురించి ఒక కథ నిర్వహణ శాస్త్ర పాఠ్యపుస్తకాల్లో తిరుగుతోంది. పట్టాల మీది రాయిని తీసివేయమని మూడు బొమ్మల్లో చూపితే, కార్మికులు వాటిని కుడి నుంచి ఎడమకు చదివి పట్టాల మీదికే రాళ్లు తెచ్చి పడేశారట. మూలం చూపకుండా చేతులు మారుతున్న ఈ కథను నమ్మనవసరం లేదు. దానికంటే గట్టి ఆధారం ఉన్నది విలియం హడ్సన్ 1960లో ప్రచురించిన ప్రయోగం. బొమ్మలో దూరం, దగ్గర చూపే గుర్తులను గని కార్మికులు, బడి పిల్లలు ఎలా పోల్చుకుంటారో ఆయన పరీక్షించారు. చదువు లేనివారికి ఆ గుర్తులు అందడం లేదని తేల్చారు. లోపం చూసేవారిలో కాదు, గీసిన బొమ్మల్లోనే ఉందని తర్వాతి పరిశోధకులు కొందరు ఎదురు వాదించారు.

కాంపౌండ్లలో సినిమా

కార్మికులు కుటుంబాలు లేకుండా, కాంపౌండ్లు అనే కాపలా ఉన్న బ్యారక్‌లలో ఒప్పందం కాలమంతా గడిపేవారు. 1918లో జొహానెస్‌బర్గ్ వచ్చిన అమెరికన్ బోర్డు మిషనరీ రే ఫిలిప్స్ ఈ కాంపౌండ్లలో సినిమాలు వేయడం మొదలుపెట్టాడు. ఛాంబర్ దీనికి డబ్బు, వసతి సమకూర్చింది. ముందుగా చూసి, కత్తిరించి, అనువైనవే వేసేవారు. ఛాప్లిన్ హాస్యచిత్రాలకు ఆదరణ ఎక్కువ. కార్మికులు ఆయనకు తమ భాషలో తాగుబోతు అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు.

1922లో తెల్ల గని కార్మికుల సమ్మె సాయుధ తిరుగుబాటుగా మారింది. దాడులు నల్లవారి మీదికీ మళ్లినప్పుడు, న్యూ ప్రిమ్‌రోజ్ గని కాంపౌండులో ప్రతీకారానికి సిద్ధమైన కార్మికులను ఛాప్లిన్ సినిమాలు వేసి నవ్వించి శాంతింపజేశానని ఫిలిప్స్ 1930లో అచ్చైన తన పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం విదేశాల్లోని మిషన్ అభిమానులను ఉద్దేశించినది, చెప్పినవాడే కథానాయకుడు. కనుక ఈ కథనాన్ని కొంత తగ్గించి తీసుకోవాలి. సినిమాలు వేశారన్నంత వరకు సందేహం లేదు. వాటివల్లే రక్తపాతం ఆగిందా అన్నది వేరే ప్రశ్న. కార్మికుల తీరిక సమయాన్ని నీతిమార్గంలో పెట్టాలన్న ఫిలిప్స్ తపనను చరిత్రకారుడు టిమ్ కౌజెన్స్ యజమానుల ప్రయోజనాలతో ముడిపెట్టి చదివాడు. 1924లో వెలిసిన బంటూ మెన్స్ సోషల్ సెంటర్‌ను కూడా ఈ చూపుతోనే అంచనా వేయాలన్నది అతని మతం. ఇక్కడొక మాట చేర్చాలి. రచయిత, పత్రికాసంపాదకుడు సోల్ ప్లాట్యే కూడా 1920లలో అమెరికా నుంచి తిరిగొచ్చి, ప్రొజెక్టర్ వెంటేసుకుని ఊరూరా సినిమాలు చూపించాడు. నల్లవారి ముందుకు వెళ్లిన తెరలన్నీ యజమానులవే కావన్నమాట.

ఉంటెటెలి వా బంటు

1920 ఫిబ్రవరిలో సుమారు 70,000 మంది ఆఫ్రికన్ గని కార్మికులు సమ్మె కట్టారు. ఆ ఏడాది మే నెలలోనే ఉంటెటెలి వా బంటు అనే వారపత్రిక బయటికొచ్చింది. దీని వెనక ఉన్నది ఛాంబర్ అనుబంధమైన కూలీల సేకరణ సంస్థ, నేటివ్ రిక్రూటింగ్ కార్పొరేషన్. 1912 నుంచి నడుస్తున్న అబంటు-బాథో పత్రిక ఆ రోజుల్లో సమ్మెలకు, నల్లవారి రాకపోకలను కట్టడి చేసే పాసు చట్టాల వ్యతిరేక ఉద్యమానికి గొంతుగా ఉండేది. దానికి పోటీగానే ఈ పత్రిక పెట్టారన్న విషయంలో చరిత్రకారుల మధ్య పెద్దగా భేదం లేదు. అబంటు-బాథో 1931లో మూతపడింది. యజమానుల పత్రిక 1950ల మధ్య దాకా నడిచింది.

అయినా దాన్ని ఉత్త ప్రచార కరపత్రంగా కొట్టిపారేయలేం. ఇంగ్లీషుతో పాటు షోసా, జులూ, సోతో భాషల్లో శీర్షికలు వచ్చేవి. ప్లాట్యే, సెలోప్ థెమా, హెచ్.ఐ.ఇ. ధ్లోమో అందులో రాశారు. అన్నింటికంటే విలువైనది షోసా కవయిత్రి నొంట్‌సిజి మ్‌గ్‌క్వెథో రచన. 1920 నుంచి 1929 దాకా ఆమె కవితలు ఈ పత్రికలో వచ్చాయి. అంతకు ముందు అబంటు-బాథోను పొగిడిన ఆమె, తర్వాత ఈ పక్షానికి మారి, నల్లవారి రాజకీయ సంస్థ అయిన కాంగ్రెస్ నాయకులను చీల్చి చెండాడింది. తెల్లవారి దోపిడీనీ వదల్లేదు. ఆమె జీవితం గురించి తెలిసినదంతా దాదాపు ఆ కవితల నుంచి ఏరుకున్నదే. జెఫ్ ఓప్లండ్ వాటిని సేకరించి, అనువాదంతో 2007లో ప్రచురించాడు. యజమానులు సమ్మెలను చల్లార్చడానికి పెట్టిన కాగితం ఒక భాషలోని తొలి పెద్ద కవయిత్రిని కాపాడిపెట్టింది. సంస్థ విద్యా కార్యక్రమాల జాబితాలో ఎక్కడా చేరని ఈ ఫలితమే బహుశా వాటన్నింటిలోకీ మన్నికైనది.

ఆరోగ్యం

దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ మీద 1902–03లోనే విచారణ సంఘం కూర్చుంది. దాని చూపంతా తెల్ల కార్మికుల మీదే. ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన ఆఫ్రికన్ కార్మికులు న్యుమోనియాతో ఎక్కువగా చనిపోయేవారు. 1912లో ఛాంబర్‌కు చెందిన మరో కూలీల సేకరణ సంస్థ, ప్రభుత్వం కలిసి దక్షిణాఫ్రికా వైద్య పరిశోధన సంస్థను స్థాపించాయి. పనామా కాలువ పనుల్లో పేరు తెచ్చుకున్న విలియం గోర్గస్‌ను 1913లో ఛాంబర్ పిలిపించింది. కిక్కిరిసిన బ్యారక్‌లకు బదులు కుటుంబాలతో ఉండే ఇళ్లు కట్టమని ఆయన సూచించాడు. పారిశుధ్యానికి సంబంధించిన సలహాలు కొన్ని అమలయ్యాయి, ఇళ్ల మాట మాత్రం పక్కన పడింది.

శిక్షణ, వర్ణ నిషేధం

కొత్తవారికి వేడి అలవాటు చేయించడం, పనిముట్ల తరగతులు, మాటలు లేని చిత్రం ద్వారా సూచనలిచ్చే సామర్థ్య పరీక్షలు 1950ల నాటికి బంగారు గనుల్లో మామూలయ్యాయి. కానీ ఎంత నేర్చినా నల్ల కార్మికుడికి పేలుడు పని సర్టిఫికెట్ దక్కేది కాదు. 1911 గనుల చట్టం కింద మొదలై 1926 సవరణతో గట్టిపడ్డ ఈ నిషేధం 1980ల చివరిదాకా నిలిచింది. ఆ కాలపు శిక్షణ లెక్కలను చదివేటప్పుడు దీన్ని మరవకూడదు.

విశ్వవిద్యాలయ స్థాయిలో గని ఇంజినీరింగ్ చదువుకు సభ్య కంపెనీల అండ మొదటినుంచీ ఉంది. కింబర్లీలో 1896లో మొదలైన గనుల పాఠశాల జొహానెస్‌బర్గ్‌కు తరలి, 1922లో విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమైంది. అధ్యాపకుల జీతాలకు అదనపు సాయం చేసే నిధి ఇప్పటికీ నడుస్తోంది.

వర్ణవివక్ష పాలన ముగిశాక (1994 తర్వాత)

గనుల భద్రతపై విచారించిన లియోన్ కమిషన్ 1995లో ఇచ్చిన నివేదిక 1900–1993 మధ్య గని ప్రమాదాల్లో 69,000 మందికి పైగా చనిపోయారని, పది లక్షలకు పైగా తీవ్రంగా గాయపడ్డారని లెక్క కట్టింది. 80 ఏళ్ల భద్రతా ప్రచారం పక్కన ఈ అంకెను పెట్టి చూడాలి. 1996 గని ఆరోగ్య భద్రతా చట్టంతో శిక్షణ అర్హతలను నిర్ణయించే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. యజమానులు తమ ఇష్టం కొద్దీ చేసిన పని అప్పటినుంచి చట్టబద్ధమైన బాధ్యతగా మారుతూ వచ్చింది.

2016లో ఛాంబర్ క్షయ, హెచ్ఐవీ పరీక్షల కోసం మసోయిసే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రభుత్వం, కార్మిక సంఘాలు అందులో భాగస్వాములు. దీన్ని సిలికోసిస్ పరిహారంతో కలిపి చూడకూడదు. 2018లో కుదిరి, 2019 జూలైలో హైకోర్టు ఆమోదం పొందిన ఆ 500 కోట్ల ర్యాండ్ల ఒప్పందం ఆరు కంపెనీలది, ఛాంబర్‌ది కాదు. దాన్ని అమలు చేసేది ట్షియామిసో ట్రస్టు.

2002 ఖనిజ చట్టం ప్రకారం ప్రతి గనీ అయిదేళ్లకోసారి సామాజిక, కార్మిక ప్రణాళిక ఇవ్వాలి. చుట్టుపక్కల ఊళ్ల బళ్లు, క్లినిక్‌లు, ఉపకార వేతనాలు ఇందులోకి వస్తాయి. ఆ ప్రణాళికలు ఎవరికోసం రాశారో ఆ జనానికే అందుబాటులో లేవని విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయ న్యాయ అధ్యయన కేంద్రం 2016 నుంచి వెలువరించిన నివేదికల్లో ఎత్తిచూపింది. 2020 మార్చిలో సవరించిన నిబంధనల ప్రకారం, ఆమోదం పొందిన ప్రణాళికను 30 రోజుల్లోగా ఇంగ్లీషులోనూ, స్థానికంగా ఎక్కువమంది మాట్లాడే మరో అధికార భాషలోనూ ప్రచురించాలి.