ఇటుకపొడి నుండి సిలికా ధూళి దాక

నెల్లూరు జిల్లా పడమటి కొసను, మెట్టపొలముల నడుమ నిలిచిన కొండ ఉదయగిరి. దాని ఎత్తు 3,079 అడుగులు. గజపతుల సేన కాపున్న ఆ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513 లో ముట్టడించి, నెలల తరబడి పోరి, 1514 లో వశపరచుకొనెను. అచటి బాలకృష్ణ విగ్రహమును హంపికి తరలించి, దానికొక ఆలయము కట్టించెను. ఈ కథ మన శ్రోతలు పలుమారు విన్నదే. నేడు మేము చెప్పదలచినది రాజుల మాట కాదు. రాయికిని రాయికిని నడుమనున్న గచ్చు మాట.

ఆ కాలమున కట్టడపు పని యంతయు సున్నము మీద ఆధారపడి యుండెను. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీరు చల్లి విరియించి, ఇసుక చేర్చి, ఎద్దులు త్రిప్పు గానుగలో రుబ్బెడివారు. బెల్లపు నీరు, కరక్కాయ కషాయము పోయుటయు కలదు. అయితే వట్టి సున్నమునకు ఒక లోపము కలదు. అది బొగ్గుపులుసు గాలిని పీల్చుకొని మెల్లమెల్లగా రాయిగా మారును. గాలి సోకని చోట, నీట మునిగిన పునాదిలో, అది గట్టిపడజాలదు.

ఈ లోపమునకు మన పనివారెరిగిన మందు ఇటుకపొడి. దీనినే సుర్కీ యందురు. తగుమాత్రముగా కాలిన మట్టిలోని సిలికా, తడి సమక్షమున సున్నముతో కలిసి, నీటికి కరగని బంధకముగా మారును. మరీ కాలి నల్లబడిన ఇటుకకు ఈ గుణము నశించును. అందుచేత ఇటుకను ఏరుటయే ఒక విద్య. రోమనులు ఈ పనికే ఇటలీలోని పొజ్జువోలి ప్రాంతపు అగ్నిపర్వత ధూళిని వాడిరి. ఆ ఊరి పేరనే ఇట్టి పదార్థములకు పొజ్జొలానాలని పేరు వచ్చినది. 1895 లో పూర్తియైన ముల్లపెరియారు ఆనకట్ట సున్నము, సుర్కీలు కలిపిన కాంక్రీటుతో కట్టినదే.

ఇక పెన్నానది వంక చూతము. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది. ఆత్మకూరునకు దిగువనున్న సంగం ఆనకట్ట 1886 లో పూర్తియైనది. ఎగువనున్న సోమశిల జలాశయము 1989 నాటికి ముగిసినది. దాని నిలువ సామర్థ్యము 78 టి.ఎం.సి.లు. సంగం వద్ద కొత్త బ్యారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. ఈ నడుమ సున్నపు గానుగ మూలబడి, సిమెంటు రాజ్యమునకు వచ్చినది.

సిమెంటు వచ్చినంత మాత్రమున సున్నపు చిక్కు తీరలేదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునప్పుడు కొంత సున్నము విడిగా పుట్టును. గట్టిపడిన ముద్దలో ఇది ఇంచుమించు అయిదవ వంతు. బలమునకు తోడ్పడక, నీటికి మెల్లగా కరగి, కాంక్రీటులో సందులు మిగుల్చును. ఆ సున్నమునకు మరల సిలికాను జత చేయుటయే నేటి ఉపాయము.

సిలికాన్, ఫెర్రోసిలికాన్ తయారుచేయు విద్యుత్ కొలుములలో తెల్లరాయి కరగునప్పుడు పొగ లేచును. ఆ పొగను వడగట్టగా మిగిలిన ధూళియే సిలికా ఫ్యూమ్. దాని రేణువు సిమెంటు రేణువులో నూరవవంతు. ఒకనాడు పొగగొట్టముల వెంట గాలిలో కలిసిపోయిన ఈ ధూళిని 1950 దశకారంభమున నార్వేలో కాంక్రీటులో కలిపి పరీక్షించిరి. 1970 లలో వాయు కాలుష్యమును అరికట్టు చట్టములు కఠినము కాగా, దానిని పట్టి నిలువచేయుట విరివిగా సాగెను. మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456, 2000 నాటి కూర్పులో, సిమెంటు తూకములో నూటికి 5 నుండి 10 పాళ్ళ వరకు దీనిని వాడవచ్చునని చెప్పినది.

ఇది పెన్నా తీరమువారికి దూరపు మాట కాదు. 2021 నవంబరు వరదలో సోమశిల ఆనకట్ట దిగువనున్న కాంక్రీటు ఏప్రన్ దెబ్బతిన్నది. గేట్ల నుండి దుమికిన నీరు రాళ్ళను దొర్లించుచు నేలను తిరుగలివలె అరగదీయును. అమెరికాలో కిన్‌జువా ఆనకట్టకు ఇట్టి అరుగుదలయే కలుగగా, ఒకసారి చేసిన మరమ్మతు నిలువక, 1983 లో సిలికా ఫ్యూమ్ కాంక్రీటుతో నేలను తిరిగి పరచిరి.

అయినను ఈ ధూళి మంత్రము కాదు. ఇది నీటిని ఎక్కువగా కోరును. నీరు పెంచినచో బలము తగ్గును. కావున ముద్దను పలుచబరచు రసాయనము కావలెను. పైకి ఊరు నీరు తక్కువగుటచే, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు ఎండలో తడి ఆర్పక కాపాడనిచో, పోసిన గంటలలోనే పైపొర బీటలు వారును.

మరియొక హెచ్చరిక. ఈ గట్టి కాంక్రీటు ఆనకట్టకు తగును గాని, ఉదయగిరి మీది పాత గోడలకు తగదు. సున్నపు గచ్చు తాను పీల్చిన తడిని తిరిగి విడుచును. దానిమీద సిమెంటు పూసినచో తడి లోన చిక్కి, గచ్చును రాయిని పెళ్ళలుగా ఊడదీయును. దుర్గమును బాగుచేయువారు మరల సున్నమునే, ఇటుకపొడినే వెదకవలెను. ఆ పాళ్ళు తెలిసి, ముద్దను చేతితో పట్టి పదును చెప్పగల తాపీ పనివారు నేడు అరుదు. వారు పని మానకముందే ఆ విద్యను పడుచువారికి నేర్పించుట, సోమశిలకు కొత్త కాంక్రీటు పోయుటతో సమానమైన అవసరమని మా మనవి.