కాలేజీ సీట్ల పంపకం: రిజర్వేషన్ల పుట్టుపూర్వోత్తరాలు

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన భారత రాజ్యాంగంలో చట్టసభల రిజర్వేషన్ ఉంది, ప్రభుత్వోద్యోగాల రిజర్వేషన్ ఉంది. కాలేజీ సీట్ల రిజర్వేషన్ లేదు. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను కులాలవారీగా పంచడం అప్పటికే ఏళ్ల తరబడి నడుస్తున్నా, దానికి ఆధారమయ్యే వాక్యం రాజ్యాంగంలో ఎక్కడా పడలేదు. ఇప్పుడు 15వ ఆర్టికల్‌లో కనిపించే 4, 5, 6 క్లాజులు మూడూ తర్వాత వచ్చి చేరినవే. మొదటి రెండూ కోర్టు తీర్పు వచ్చిన కొద్ది నెలల్లో పార్లమెంటు చెప్పిన జవాబులు. మూడోది ఇరవై ఆరేళ్లు ఆగి చెప్పిన జవాబు. కాలేజీ సీట్ల రిజర్వేషన్ చరిత్రంటే చాలా మటుకు ఈ తీర్పుల, సవరణల చరిత్రే. అందులో తెలుగువాళ్ల వ్యాజ్యాలకు పెద్ద చోటే ఉంది.

వాదం మాత్రం రాజ్యాంగం కంటే చాలా పాతది. రైతులు కట్టే పన్నులతో పైకులాల పిల్లలకు పైచదువులు చెబుతున్నారని జ్యోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు వాదించాడు. కొల్హాపూర్ సంస్థానంలో శాహూ మహారాజు 1902లో సగం ఉద్యోగాలను వెనుకబడిన కులాలకు కేటాయించాడు. వాళ్ల పిల్లలు పట్నంలో ఉండి చదువుకోవడానికి హాస్టళ్లు కూడా పెట్టించాడు. మైసూరులో 1918లో వేసిన మిల్లర్ కమిటీ ఇదే దారిలో సిఫార్సులు చేసింది. ఆ ఆలోచనే నచ్చని దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పదవి నుంచి తప్పుకున్నాడు. ప్రతిభా, ప్రాతినిధ్యమా అన్న తగాదా అప్పటికే పూర్తి రూపంలో ఉందన్నమాట.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ తగాదా రాజకీయ పార్టీగా మారింది. 1916 నాటి బ్రాహ్మణేతర ప్రకటన ముందుకు తెచ్చిన లెక్కల్లో ఒకటి మద్రాసు యూనివర్సిటీది: రిజిస్టరైన 650 మంది పట్టభద్రుల్లో 452 మంది బ్రాహ్మణులు, 124 మంది బ్రాహ్మణేతర హిందువులు, మిగతా అన్ని వర్గాలవాళ్లూ కలిపి 74. జస్టిస్ పార్టీ ఈ అంకెల మీదే నిలబడింది. దాని నాయకత్వంలో తెలుగువాళ్లకు కొదవ లేదు. పిట్టి త్యాగరాయ చెట్టి వ్యవస్థాపకుల్లో ఒకడు. పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు ప్రభుత్వాన్నే నడిపాడు. 1921లో వచ్చిన కమ్యూనల్ జీవో మొదట్లో కాగితం మీదే ఉండిపోయింది. ముత్తయ్య ముదలియార్ మంత్రిగా ఉన్న 1927లో దానికి గట్టి రూపం వచ్చింది. ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 2, అణగారిన వర్గాలకు 1. చివరి అంకె చూస్తే, బ్రాహ్మణేతర ఉద్యమం ఎవరికి ఎక్కువ మేలు చేసిందో అర్థమవుతుంది. 1947లో ఈ వంతులను 14గా తిరగరాశారు. అప్పుడు హరిజనులకు 2, కొత్తగా వెనుకబడిన హిందువుల పేరిట మరో 2 దక్కాయి. బ్రాహ్మణేతర హిందువులకు 6, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 1, క్రైస్తవులకూ ఆంగ్లో ఇండియన్లకూ కలిపి 1.

ఈ 14 వంతుల లెక్కతోనే కాలేజీ సీట్లను కూడా పంచారు. 1950 నాటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్నవి నాలుగే ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, వాటిలో రెండు విశాఖపట్నం, గుంటూరుల్లో ఉండేవి. నాలుగింటికీ కలిపి 330 సీట్లు. తమిళ, తెలుగు జిల్లాలన్నిటితో పాటు కన్నడ, మలయాళ ప్రాంతాలు కూడా ఉన్న రాష్ట్రానికి ఇవే మొత్తం ప్రభుత్వ డాక్టర్ సీట్లు. ఆ ఏడు జూన్‌లో చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ, ఈ పంపకం తన ప్రాథమిక హక్కును కాలరాస్తోందని హైకోర్టుకు వెళ్లింది. విచిత్రమేమిటంటే ఆమె అసలు సీటుకు దరఖాస్తే పెట్టలేదు. పెట్టినా రాదని తెలిసింది గనుక పెట్టలేదన్నది ఆమె వాదన. ఇంజనీరింగ్ సీటు రాని శ్రీనివాసన్ అనే విద్యార్థి మరో పిటిషన్ వేశాడు. అతని తరఫున హైకోర్టులో వాదించినవాడు నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడిగా ఉండి, ఆ రాజ్యాంగాన్నే ఆధారం చేసుకుని జీవోను కొట్టేయించడానికి నిలబడ్డాడు.

1951 ఏప్రిల్ 9న ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జీవో చెల్లదన్నారు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో మతం, జాతి, కులం, భాషల కారణంగా మాత్రమే ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని 29(2) చెబుతుంటే, కులాన్ని బట్టి సీట్లు పంచడం కుదరదన్నారు. బలహీన వర్గాల చదువును ప్రోత్సహించాలనే 46వ ఆర్టికల్‌ను ప్రభుత్వం చూపించింది. అది ఆదేశిక సూత్రమే గనుక ప్రాథమిక హక్కును దాటలేదని జవాబు వచ్చింది. అదే రోజు అదే కోర్టు మద్రాసు మున్సిఫ్ ఉద్యోగాల కేసులో కూడా తీర్పిచ్చింది. అక్కడ మాత్రం హరిజనుల, వెనుకబడిన హిందువుల కోటాలు నిలిచాయి. ఎందుకంటే ఉద్యోగాలకు 16(4) అనే మినహాయింపు ఉంది, సీట్లకు అలాంటిది లేదు. రాజ్యాంగ నిర్మాతలు కావాలనే వదిలేశారా, మరిచారా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు వాదించుకోవచ్చు. ఫలితం మాత్రం ఒకటే: గుమాస్తా ఉద్యోగంలో వాటా మిగిలింది, ఆ ఉద్యోగానికి కావలసిన చదువులో వాటా పోయింది.

మద్రాసులో ఆందోళనలు చెలరేగాయి. పెరియార్ రామస్వామి ముందు నిలిచాడు. నెహ్రూ ప్రభుత్వం రెండు నెలలు తిరక్కుండానే మొదటి రాజ్యాంగ సవరణ బిల్లు తెచ్చింది. 1951 జూన్ 18న 15(4) పుట్టింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాల కోసం, షెడ్యూల్డు కులాల, తెగల కోసం ప్రభుత్వం ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని దాని సారం. ‘ఆర్థికంగా’ అన్న మాట కూడా చేర్చాలని సభ్యుడు కె.టి. షా పట్టుబట్టాడు, సభ ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాట చుట్టూ తర్వాత డెబ్బై ఏళ్లు వాదనలు నడిచాయి.

షెడ్యూల్డు కులాలెవరో రాష్ట్రపతి జాబితా చెబుతుంది. వెనుకబడిన వర్గాలెవరో ఎవరు చెప్పాలి? చిక్కంతా ఇక్కడే వచ్చింది. మెడికల్, ఇంజనీరింగ్ సీట్లలో 68 శాతం రిజర్వు చేసిన మైసూరు ఉత్తర్వును 1962లో బాలాజీ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కులం ఒక్కటే కొలమానం కారాదంది, కోటాలన్నీ కలిపి స్థూలంగా సగం లోపే ఉండాలంది. ఈ తీర్పు దెబ్బ ఎక్కువగా తగిలింది ఆంధ్రప్రదేశ్‌కే. 1963లో ప్రభుత్వం తయారుచేసిన బీసీ జాబితా హైకోర్టులో పోయింది. 1966లో ఇంకొకటి చేస్తే అదీ పోయింది. ఏ కులాన్ని ఏ ఆధారంతో జాబితాలో పెట్టారో ప్రభుత్వం చూపలేకపోయిందని 1968లో సాగర్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. ప్రభుత్వం నిజంగానే చూపలేకపోయింది. కులాల పేర్లు రాసుకోవడం తేలిక, ఎందుకు రాశామో చెప్పడం కష్టం.

దాంతో ఆధారాల కోసమే ఒక కమిషన్ వేయక తప్పలేదు. 1968లో మొదలైన ఆ కమిషన్‌కు తొలుత మనోహర్ ప్రసాద్, తర్వాత ఐసీఎస్ అధికారి అనంతరామన్ అధ్యక్షులు. జిల్లాలు తిరిగి, వృత్తులు చూసి, హైస్కూలు పైతరగతుల్లో ఏ కులం పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, 1970లో 92 కులాలను గుర్తించారు. తెలుగునాట ఇవాళ ఏ బీసీ సర్టిఫికెట్ మీదైనా కనిపించే ఎ, బి, సి, డి గ్రూపులు అప్పటివే. కమిషన్ 30 శాతం అడిగితే ప్రభుత్వం 25 శాతం ఇచ్చింది: ఎకు 7, బికి 10, సికి 1, డికి 7. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారిది సి గ్రూపు. హైకోర్టు దీన్ని కూడా కొట్టేసింది గానీ, 1972 జనవరిలో బలరాం కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. కులం మొత్తం వెనుకబడి ఉందని ఆధారాలతో చూపితే, ఆ కులాన్నే ఒక వర్గంగా తీసుకోవచ్చన్నది ఆ తీర్పు. మండల్ కమిషన్ కంటే చాలా ముందే, ప్రతి జాబితా వెనకా ఒక కమిషన్ నివేదిక ఉండి తీరాలన్న పద్ధతి ఈ రాష్ట్రంలో ఇలా స్థిరపడింది.

తెలుగు రాష్ట్రాల సీటు లెక్కలో కులం కంటే ముందు ప్రాంతం వస్తుంది. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకం 371-డి ఆర్టికల్‌గా మారింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో 85 శాతం సీట్లు స్థానికులవయ్యాయి. రాష్ట్రం మొత్తానికి చెందిన కాలేజీల్లో వాటిని ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీల పరిధులకు 42:36:22 చొప్పున పంచారు. ఇది కులాల కోటాకు బదులు కాదు, దాని పక్కనే నడిచే మరో కోటా. బయటి రాష్ట్రాల వాళ్లకు ఇక్కడి ప్రవేశాల కౌన్సెలింగ్ ఓ పట్టాన అర్థం కాకపోవడానికి సగం కారణం ఇదే.

మురళీధరరావు కమిషన్ సిఫార్సులను పట్టుకుని ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో బీసీ కోటాను 44 శాతానికి పెంచింది. విద్యార్థులు రెండుగా చీలి వీధుల్లోకి వచ్చారు. హైకోర్టు ఫుల్ బెంచ్ పెంపును రద్దు చేసింది, కోటా మళ్లీ 25కు వచ్చింది. మార్కులు తక్కువ వచ్చినవాడు డాక్టరైతే రోగి గతేమిటన్నది అప్పటి వ్యతిరేకుల ప్రధాన వాదన. ఆ వాదనకు గట్టి జవాబు ఒక ఏడాది ముందే వచ్చి ఉంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1985లో వసంతకుమార్ కేసులో ప్రతిభ గురించి రాశారు: పేదరికంలో, చదువు ఎరగని ఇంట్లో పెరిగిన పిల్లవాడు తెచ్చుకున్న 40, 50 శాతం మార్కుల కంటే, అన్నీ అమరిన పిల్లవాడి 70, 80, 90 శాతం గొప్పవని అనలేమన్నది ఆయన మాటల భావం. సీటు ఇవ్వాల్సింది పరీక్ష నాటి మార్కులకా, అక్కడికి చేరడానికి నడిచిన దూరానికా అన్నదే ఇరుపక్షాల మధ్య అసలు తేడా. కాలేజీలో చేరాక అందరికీ పాసు మార్కులు ఒకటే అన్న సంగతి వాగ్వాదాల్లో తరచూ జారిపోతుంది.

కేంద్రంలో బీసీ కోటా సూచించిన మండల్ కమిషన్ మీద 1990లో రేగిన గొడవ ఉద్యోగాలది. అయినా 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పిన 50 శాతం హద్దు, బీసీల్లోని సంపన్న శ్రేణి (క్రీమీలేయర్) మినహాయింపు తర్వాత సీట్ల వాదాల్లోకి కూడా దిగాయి. ఆ తీర్పులోనే, పి.వి. నరసింహారావు ప్రభుత్వం పేద అగ్రవర్ణాలకు ఇచ్చిన 10 శాతం కోటా ఎగిరిపోయింది.

ఈలోగా సీట్లు ప్రభుత్వ కాలేజీల నుంచి ప్రైవేటు కాలేజీలకు తరలాయి. ఆంధ్రప్రదేశ్ 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1993 ఉన్నికృష్ణన్ తీర్పు ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని సగం సగం చేసింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తులు ఆ పథకాన్ని తీసేశారు. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద కోటా రుద్దరాదని 2005 ఆగస్టులో ఇనాందార్ తీర్పు వచ్చింది. మెజారిటీ ఇంజనీరింగ్ సీట్లు ప్రైవేటులో ఉన్న రాష్ట్రాల్లో దీనర్థం రిజర్వేషన్ పేరుకే మిగలడం. అయిదారు నెలల్లో 93వ సవరణతో 15(5) వచ్చింది, మైనారిటీ సంస్థలను మాత్రం వదిలేశారు. ఆ అధికారంతోనే కేంద్ర మానవ వనరుల మంత్రి అర్జున్ సింగ్ హయాంలో ఐఐటీల్లాంటి కేంద్ర సంస్థల్లో ఓబీసీలకు 27 శాతం ఇచ్చారు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ కోటా 1973 నుంచే ఉంది. 2006లో ఢిల్లీ వైద్య విద్యార్థులు సమ్మెకు దిగారు. జనరల్ సీట్లు తగ్గకుండా మొత్తం సీట్లనే 54 శాతం పెంచడం ప్రభుత్వం కనిపెట్టిన ఉపాయం. 2008 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సంపన్న శ్రేణిని పక్కనబెట్టి మిగతాదంతా ఒప్పుకుంది.

సీటు వచ్చినంతలో చదువు రాదు, ఫీజు కట్టాలి. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు అంబేడ్కర్. 1913లో ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీదే. వైస్రాయి కౌన్సిల్ సభ్యుడయ్యాక 1942లో షెడ్యూల్డు కులాల ఇబ్బందులపై ఇచ్చిన నివేదనలో స్కాలర్‌షిప్పులు అడిగాడు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నేటికీ నడుస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, అగ్రవర్ణాల్లోని పేదలకు విస్తరించింది. కోటాతో ఏ సంబంధం లేని ఇళ్లకు కూడా ఈ పథకం చేరింది గనుక దాన్ని ఎత్తేసే ధైర్యం తర్వాత ఏ ప్రభుత్వానికీ రాలేదు. పేర్లు మార్చారు, బకాయిలు పెట్టారు. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేయడం మాత్రం ఏటా వినే కథే.

వాటాలోపలి వాటా గురించిన తగాదాకూ తెలుగునేలే మొదటి వేదిక. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా, ఎస్సీ కోటాలో సింహభాగం మాలలకే పోతోందని లెక్కలడిగింది. 2000 నాటి చట్టం సీట్లను, ఉద్యోగాలను ఎ, బి, సి, డిలుగా విభజించింది. 2004లో చిన్నయ్య కేసులో అది చెల్లకుండా పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఆ పాత తీర్పే తప్పన్నారు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడేసి గ్రూపులు చేశాయి: తెలంగాణలో 1, 9, 5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 2007లో ఇచ్చిన 4 శాతాన్ని హైకోర్టు 2010లో రద్దు చేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో బీసీ-ఇ గ్రూపు కొనసాగుతోంది.

1951లో సభ తోసేసిన ఆర్థిక ప్రమాణం 2019 జనవరిలో 103వ సవరణతో 15(6)గా లోపలికొచ్చింది. ఏ కోటా లేని వర్గాల పేదలకు 10 శాతం. పేదరికానికి గీత ఏడాదికి 8 లక్షల ఆదాయం. అప్పట్లో పన్ను కట్టేవాళ్లు చాలామంది ఈ గీత కిందే ఉండేవారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3:2తో దీన్ని సమర్థించింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలను బయటపెట్టడం అన్యాయమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్, జస్టిస్ రవీంద్ర భట్ విభేదించారు. 50 శాతం గీత ఈ కోటాకు అడ్డు కాదని మెజారిటీ అనడంతో బీసీ నాయకుల ప్రశ్న పదునెక్కింది: అగ్రవర్ణాలకు అడ్డురాని గీత మాకెందుకు? కులసర్వేలో బీసీలు 56.33 శాతమని తేలాక, విద్యలో, ఉద్యోగాల్లో వాళ్లకు 42 శాతం ఇచ్చే బిల్లును తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో ఆమోదించింది. ఎస్సీల 15, ఎస్టీల 10 కలిస్తే మొత్తం 67. 69 శాతం చట్టాన్ని తమిళనాడు 1994లో తొమ్మిదో షెడ్యూలులో పెట్టించుకున్నట్టే, తమ బిల్లుకూ ఆ రక్షణ కావాలని తెలంగాణ కేంద్రాన్ని అడిగింది.