‘మల్లీశ్వరి’లో విరహం: పల్లకీ, మేఘం

వాహినీ సంస్థ నిర్మాణంలో, బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో 1951లో విడుదలైన ‘మల్లీశ్వరి’ని శ్రీకృష్ణదేవరాయల వైభవానికి చిత్రరూపంగా చూడడం పరిపాటి. బుచ్చిబాబు నాటిక ‘రాయలవారి కరుణకృత్యం’ దాని మూలాల్లో ఒకటి కావడం ఈ దృష్టికి బలమిచ్చింది. అయితే ఈ ప్రేమకథను నడిపించేది రాయల కరుణ కాదు. ఆయన అనుగ్రహం తెచ్చిపెట్టిన ఎడబాటు.

వానకు తలదాచుకున్న చోట మల్లి నాట్యం చేస్తుంది. మారువేషంలో వచ్చిన రాయలు, అల్లసాని పెద్దన దానిని చూసి ముగ్ధులవుతారు. వారెవరో ఎరుగని నాగరాజు, మల్లికి రాయలవారి పల్లకీ పంపించమని వేళాకోళమాడతాడు. అతడు ధనార్జనకై ఊరు విడిచిన తరువాత పల్లకీ నిజంగానే వస్తుంది. ఇందులో రాజు క్రూరుడు కాడు, రసికుడు. మల్లి తల్లికి ధనాశ ఉన్నది గాని, పల్లకీని పిలిచినది ఆమె కాదు. బావ పరిహాసమే రాజశాసనమైంది.

ఈ చిత్రానికి మాటలు, పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రికి సినిమారంగంలో ఇదే తొలి రచన. ‘కృష్ణపక్షం’ నాటి ఆయన కవిత్వంలో వేదనకు లౌకికకారణం కనిపించడం అరుదు. అక్కడ ప్రేయసి స్వభావతః అందనిది. మల్లి అలా కాదు. ఆమెకూ నాగరాజుకూ నడుమ నిలిచినవి రాణివాసపు గోడలు, పరపురుషుణ్ణి కలిస్తే మరణదండన అనే కట్టుబాటు. భావకవి విరహానికి ఇక్కడ ఒక చారిత్రక చిరునామా దొరికింది.

మేఘసందేశ గీతంలో ఈ మార్పు మరింత స్పష్టం. కాళిదాసు కావ్యంలో యక్షుడే పలుకుతాడు. ప్రియురాలి దుఃఖం అతని ఊహలోనే వినిపిస్తుంది. చిత్రంలో మాత్రం ఇరువురూ వేర్వేరు చోట్ల నుండి మేఘాన్ని పిలుస్తారు. భానుమతి తన పాత్రకు తానే పాడడం వల్ల మల్లి వేదన ఆమె గొంతులోనే నిలిచింది. సాలూరి రాజేశ్వరరావు బాణీ ఆ రెండు గొంతులనూ కలుపుతుంది. కథ ఇంకా కలపదు.

నాగరాజు శిలలో మల్లి రూపాన్ని చెక్కే ఘట్టాలకు నలుపు తెలుపుల ఛాయాగ్రహణం మేలే చేసింది. వర్ణభేదం లేని ఆ లోకంలో రాతి చెక్కిలికీ మనిషి చెక్కిలికీ వ్యత్యాసం పలుచబడుతుంది. రంగులుంటే ఈ భ్రమ ఇంత సులభంగా సాధ్యమయ్యేది కాదేమో.

చివరకు రాయలు ప్రేమికులను క్షమిస్తాడు. ఏ అధికారం మల్లిని తీసుకుపోయిందో అదే ఆమెను తిరిగి ఇస్తుంది. శిక్ష తప్పుతుంది గాని కట్టుబాటు కదలదు. రాణివాసంలోని తక్కిన చెలికత్తెలు ఎవరెవరిని విడిచి వచ్చారో కథ అడగదు.