తాళంచెవి ఉన్నా తాళం తెరుచుకోకపోతే



1985లో జపాన్‌లోని కోబెలో విశ్వవిద్యాలయ క్రీడలు జరిగాయి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్టినెజ్ పాటినోకి ఎక్స్‌వై క్రోమోజోములు ఉన్నాయని ఆమెను పరుగెత్తనివ్వలేదు. తర్వాత సంగతి పత్రికలకెక్కింది. ఆమె పతకాలు, రికార్డులు పోయాయి.

ఆమె ఒంట్లో పురుష హార్మోను ఉంది, కానీ పని చేయలేదు. హార్మోను తాళంచెవి అయితే కణంలోని గ్రాహకం తాళం. ఆమెకు తాళంలోనే లోపం.

1953లో అమెరికా వైద్యుడు జాన్ మోరిస్ ఇలాంటి 82 మంది వివరాలు కూర్చాడు. ఆ గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉందని తర్వాత తేలింది. కారణం ఇదొక్కటే కాదు. హార్మోనును బలమైన రూపానికి మార్చే ఎంజైము కొందరిలో ఉండదు. 1974లో డొమినికన్ రిపబ్లిక్ పల్లెల్లో అది బయటపడింది. స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు కూడా ఆ తాళానికి అడ్డుపడతాయి.

పాటినో పోరాడింది. 1988లో మళ్ళీ పరుగుకు అర్హత వచ్చింది.

మనవాళ్ళలో ఈడొచ్చినా సమర్తాడని పిల్ల ఉంటే తల్లినీ, జాతకాన్నీ నిందించకండి. గుసగుసలు మాని డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఇందులో ఎవరి తప్పూ లేదు.