చెరసాల గోడకు ఇరువైపుల బిడ్డలు

శతాబ్ది సంచికలో పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, దేవాలయ నిర్మాణములను గూర్చి సహోదరులు వ్రాయుట సహజము, ఆవశ్యకము. మేము వేరొక చరిత్రను చదువరుల ముందుంచగోరుచున్నాము. చెరలోనున్న వారిని దర్శించుట మన ధర్మమని అందరము చిన్ననాటనే ఆదివారపు బడిలో నేర్చుకొన్నాము. అయితే చెరకు పోయిన వారి బిడ్డల సంగతి ఎవరు, ఎప్పుడు, ఏ విధముగా పట్టించుకొనిరి?

ఈ చరిత్రలో ముందుగా చెప్పదగిన పేరు ఎలిజబెత్ ఫ్రై. 1780లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున జన్మించిన ఈమె క్వేకరు సంఘస్థురాలు. 1813లో లండనులోని న్యూగేట్ జైలును దర్శించినపుడు సుమారు మూడు వందల మంది స్త్రీలు తమ పిల్లలతో సహా ఇరుకు గదులలో క్రిక్కిరిసి యుండిరి. వంట, పడక, సమస్తము అక్కడనే. ఆమె మొదట పసివారికి బట్టలు తీసికొనిపోయెను. 1816 చివర మరల వెళ్ళి, బిడ్డలకు బడి పెట్టుదమా అని తల్లులనే అడిగెను. వారు సంతోషముతో ఒప్పుకొని, తమలో చదువు వచ్చిన మేరీ కానర్ అను యువతిని ఉపాధ్యాయినిగా ఎన్నుకొనిరి. ఆమెయు గడియారము దొంగిలించిన నేరముపై వచ్చిన ఖైదీయే. 1817లో ఫ్రై స్నేహితురాండ్రు ఒక సంఘముగా ఏర్పడి స్త్రీలకు కుట్టుపని నేర్పిరి. స్త్రీ ఖైదీలకు స్త్రీలనే కాపలా ఉంచవలెనని 1823లో చట్టము వచ్చెను. ఇంత మార్పునకు నాంది బిడ్డల కొరకు పెట్టిన చిన్న బడి యని మనము గుర్తుంచుకొనవలెను.

మన దేశములో జైళ్ళ సంస్కరణను గూర్చి జస్టిస్ ముల్లా కమిటీ 1980 నుండి 1983 వరకు విచారించెను. స్త్రీ ఖైదీల స్థితిని జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ పరిశీలించి 1987లో నివేదిక ఇచ్చెను. అయినను బిడ్డలకు గట్టి రక్షణ లభించినది 2006 ఏప్రిల్ 13న. ఆ దినమున సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ వ్యాజ్యములో తీర్పు చెప్పెను. 1994లో దాఖలైన ఆ వ్యాజ్యములో మొదటి ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే గనుక, తెలుగువారమైన మనము ఈ తీర్పును తప్పక తెలిసికొనవలెను.

తల్లితో జైలులో నున్న బిడ్డను ఖైదీగా చూడరాదని ఆ తీర్పు చెప్పినది. ఆరేండ్లు నిండువరకు బిడ్డ తల్లి యొద్ద ఉండవచ్చును. ఆ తరువాత తల్లి కోరిన బంధువులకు అప్పగింపవలెను, లేనియెడల సాంఘిక సంక్షేమ శాఖవారి వసతిలో చేర్పవలెను. వారమునకు ఒక్కసారియైనను తల్లీబిడ్డలు కలిసికొనవలెను. తగిన ఆహారము, వైద్యము, బట్టలు, చిన్నవారికి శిశు సంరక్షణ కేంద్రము, బాలబడి ఏర్పాటు చేయవలెను. సాధ్యమైనంతవరకు కాన్పు జైలు వెలుపల జరుగవలెను. ఒకవేళ లోపల జరిగినను జనన పత్రములో జైలు పేరు వ్రాయరాదు, ఆ ప్రాంతపు పేరు మాత్రమే వ్రాయవలెను. నాలుగేండ్ల తరువాత, 2010 డిసెంబరులో, ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమములు మరియొక మెట్టు పైకి వెళ్ళినవి. జైలులో చేరుటకు ముందే తన పిల్లలకు ఏర్పాటు చేసికొనుటకు తల్లికి వీలు కలిగింపవలెనని అవి చెప్పినవి.

అయితే ఇదంతయు గోడకు లోపలి సంగతి. 2022 చివర దేశములోని జైళ్ళలో తల్లులతో నున్న పిల్లలు రెండు వేలకు లోపే. తండ్రి జైలులో నుండగా ఇంటి వద్ద మిగిలిన పిల్లలు అంతకు ఎన్నో రెట్లు. వారిని ఎవరు లెక్కింతురు? మన జైళ్ళలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకను విచారణలో నున్నవారే. నేరము రుజువు కాకమునుపే, అరెస్టయిన దినముననే ఇంటికి కూలి డబ్బు ఆగిపోవును. జామీనుకు, వకీలుకు, ములాఖత్తుకు పోవు బస్సు ఛార్జీలకు అప్పు పుట్టవలెను. తల్లి పనికి పోయినచో పెద్దపిల్ల బడి మాని చంటివానిని ఎత్తుకొనును. వీధిలో పిల్లవానికి పేరే మారిపోవును.

1982లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున మేరీ కే బియర్డ్ అను స్త్రీ ఈ పిల్లల కొరకు ఒక మార్గము చూపెను. ఆమె తానే జైలు శిక్ష అనుభవించినది. దాతలు ఇచ్చిన సబ్బులను, పళ్ళపొడి గొట్టములను తోటి ఖైదీ తల్లులు దాచి, క్రిస్మసుకు తమ బిడ్డలకు కానుకగా ఇచ్చుట ఆమె కన్నులార చూచినది. విడుదలైన పిమ్మట అంగళ్ళ సముదాయములో క్రిస్మసు చెట్టు నిలిపి, ఖైదీల పిల్లల పేర్లు వ్రాసిన కాగితపు దేవదూతలను దానికి వ్రేలాడదీసెను. దారిన పోవువారు ఆ పేర్లు తీసికొని కానుకలు కొనిరి. ఆ మొదటి సంవత్సరమే ఐదు వందలకు పైగా పిల్లలకు కానుకలు అందినవి. కానుక తల్లి పేరనో తండ్రి పేరనో చేరుటయే ఇందలి మర్మము.

మన సంఘములకు ఇది అసాధ్యము కాదు. ములాఖత్తు దినమున తోడుగా పోవుట, ఉచిత న్యాయసహాయము దొరకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ చిరునామా చెప్పుట, ఒక సంవత్సరపు పుస్తకములు కొనుట ఏ స్త్రీల సమాజమైనను చేయగలదు. అట్టి కుటుంబము ఆరాధనకు వచ్చినపుడు బెంచీ మీద ప్రక్కకు జరిగి చోటిచ్చుటకు పైకము కూడ అక్కరలేదు. క్రిస్మసు బట్టల జాబితా వ్రాయునపుడు ఆ పిల్లల పేర్లును చేర్చుదము. పేరు ప్రక్కన కారణము వ్రాయనక్కరలేదు. జనన పత్రములో జైలు పేరు వ్రాయవద్దని న్యాయస్థానము చెప్పినదే గదా!