సూరతు సీమలో తాడి, దారూ

సూరతు నుండి బార్డోలీకి పోవు బాట ముంబయి-అహమ్మదాబాదు రహదారిని దాటు కూడలియే కడోదరా. నేడది వస్త్రపు మిల్లుల ఊరు. ఆ బాట వెంట తూర్పునకు సాగినచో తగులు పల్లెలలో, నూరేండ్ల క్రిందట, పానీయముల భేదము జనుల బ్రతుకులతో ముడిపడియుండెను.

ఐరోపా వారు తమ బీరును వేరుపరచునది ముఖ్యముగా ఈస్టును బట్టి: వెచ్చదనమున త్వరగా పులియునది ఏల్, చల్లదనమున నెమ్మదిగా పులియునది లాగర్. బార్లీని మొలకెత్తించి, అందలి పిండిపదార్థమును చక్కెరగా మార్చుట వారి మొదటి పని. తాటి, ఈత చెట్ల రసమున చక్కెర ముందే కలదు గనుక సూరతు సీమలో ఆ శ్రమ లేదు. ఇచ్చట భేదమును నిర్ణయించునవి చెట్టును, వేళయును. తెల్లవారుజామున దించినది తియ్యని నీరా. ప్రొద్దెక్కిన కొలది అదియే పులిసి తాడి యగును. సాయంకాలమునకు పులుపు మిక్కిలి హెచ్చును. తెలుగువారి కల్లునకు ఇది తోబుట్టువే. దారూ వేరు జాతిది. ఇప్పపువ్వును నానబెట్టి, పులియజేసి, బట్టీలో కాచి దించిన సారాయి అది. ఆదివాసులకు తాడి చాలవరకు ఆహారము. దారూ పండుగలకును, దేవతలకును చెందినది.

1878 నాటి బొంబాయి ఆబ్కారీ చట్టము ఈ రెంటిని ఖజానాకు ఆదాయముగనే చూచినది. ఇంటి బట్టీలు నేరమయ్యెను. గీయు చెట్టునకు పన్ను పడెను. అమ్మకపు హక్కు గుత్తేదారులకు, ఈ సీమలో ఎక్కువగా పారసీ వర్తకులకు, దక్కెను. తన పెరటి పువ్వుతో కాచుకొనినవాడు అదే సారాయిని అప్పునకు కొనవలసివచ్చెను. అప్పు పెరిగి భూములు చేజారెను.

1922 చివరను సలాబాయి అను దేవి పూనినవారి నోట ఆజ్ఞలు వెలువడెను: దారూ మానుడు, తాడి మానుడు, మాంసము విడువుడు, నిత్యము స్నానము చేయుడు, పారసీల కొలువునకు పోకుడు. చౌధరీలు, గామిత్‌లు, ధోడియాలు వేలకొలదిగా విని పాటించిరి. దేవి తాడికిని, దారూకును భేదము చూపలేదు. బలమునిచ్చు తాడిని కూడ వదలుట పేదలకు తేలిక కాదు. అయినను అంగడివాని పట్టు నుండి బయటపడుటకు ఆ వెల చెల్లింపదగినదని వారు తలచినట్లున్నది. 1930లో ఈ జిల్లాలోనే మద్యపు అంగళ్ల ముందు స్త్రీలను నిలిపిన మిఠూబెన్ పెటిట్ స్వయముగా పారసీ వనిత యగుట గమనింపదగినది.

1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము 1960లో ఏర్పడిన గుజరాతునకును సంక్రమించెను. పులియకుండునట్లు సిద్ధపరచిన కుండలోనికి దించిన రసమును అది నీరాగా వేరుపరచినది. కుండ లోపల పూయు సున్నమే ఇందుకు సాధనము. శీతకాలపు ఉదయములలో సూరతు ప్రాంతమున జనులు ఆ నీరాను త్రాగుచున్నారు.