బడి ఈడు, పరీక్ష నీడ

మన ఊళ్ళలో మూడేళ్ళకే నర్సరీ. సింగపూర్‌లో ఒకటో తరగతి, ఏడేళ్ళు నిండే సంవత్సరం జనవరిలో. హాయి కదా అనుకుంటాం. కానీ ఇక్కడి బెంగ బడి ఈడుది కాదు, పన్నెండో ఏట రాసే పీఎస్ఎల్ఈది. అది 1960లో వచ్చిన పరీక్ష. చదువు మధ్యలో మానేసేవాళ్ళని తగ్గించాలని 1979లో గో కెంగ్ స్వీ నివేదిక, మూడో తరగతి తర్వాతే పిల్లల్ని స్థాయిలవారీగా విడగొట్టమంది. మానేసేవాళ్ళు తగ్గారు, బెంగ మిగిలింది. 2015 పీసా సర్వేలో, బాగా చదివినా పరీక్షంటే గుబులేనన్న పదిహేనేళ్ళ పిల్లలు 76 శాతం. ఓఈసీడీ సగటు 55.

2008లో ప్రభుత్వం ఆ విభజన తీసేసింది. 2019లో ఒకటి, రెండు తరగతుల పరీక్షలూ ఎత్తేసింది. ట్యూషన్ల ఖర్చు మాత్రం 2018లో దాదాపు 140 కోట్ల సింగపూర్ డాలర్లు, 2023లో 180 కోట్లు. బడి దించిన బరువుని మళ్ళీ ఎత్తుతున్నది మనమే.